హెడ్‌ఫోన్స్‌లో సరౌండ్: సినిమాకి తేడా లేదు, పాటలేమో నూతిలోంచి వస్తున్నాయి

బ్రాడీపేట_14 (గుంటూరు)

నమస్కారమండీ. విండోస్ 11 డెస్క్‌టాప్. మదర్‌బోర్డు మీదున్న రియల్‌టెక్ సౌండే, విడిగా కార్డు లేదు. ముందు ప్యానెల్ సాకెట్‌లో మామూలు 3.5 ఎంఎం స్టీరియో హెడ్‌ఫోన్స్. రాత్రిళ్ళు సినిమాలకీ, కాసేపు వాలొరంట్ గేముకీ వాడతాను. అపార్ట్‌మెంట్ కాబట్టి స్పీకర్ల మాటే లేదు.

స్పేషియల్ సౌండ్ (హెడ్‌ఫోన్స్‌లో చుట్టూ శబ్దం ఉన్నట్టు వినిపించే విండోస్ సదుపాయం) కింద విండోస్ సోనిక్ ఆన్ చేశాను. పాటలు నూతిలోంచి పాడుతున్నట్టు అయిపోయాయి. సినిమాకి ఆన్‌లో ఉన్నా ఆఫ్‌లో ఉన్నా తేడా లేదు. డైలాగులు చిన్నగా, ఫైట్లు పెద్దగా ఉండటం ఎప్పటిలాగే ఉంది. గేములో ఎడమ, కుడి బాగానే తెలుస్తున్నాయి గానీ అడుగుల చప్పుడు ముందు నుంచా వెనక నుంచా అన్నది తెలియట్లేదు.

షాపులో అడిగితే 7.1 (చుట్టూ ఏడు స్పీకర్లు, ఒక బాస్ స్పీకర్ ఉన్నట్టు) యూఎస్‌బీ హెడ్‌సెట్ తీసుకోమన్నారు. తీసుకోవాలా, ఉన్నదాంతోనే అవుతుందా? ప్లేయర్లు వీఎల్‌సీ, ఎంపీసీ-హెచ్‌సీ రెండూ ఉన్నాయి.

పటమట_ధ్వని (విజయవాడ)

హెడ్‌సెట్ కొనకండి. 7.1 అని డబ్బా మీద రాసినవాటిలో దాదాపు అన్నిట్లోనూ చెవికొక డ్రైవరే (శబ్దం పుట్టించే చిన్న స్పీకరే) ఉంటుంది. ఆ 7.1 చేసేది దాంతో ఇచ్చే సాఫ్ట్‌వేర్. రెండు మూడొందలకి దొరికే "7.1" యూఎస్‌బీ డాంగిల్ కూడా అంతే, లోపలున్నది స్టీరియో చిప్పే. ఆ పని మీ కంప్యూటరే చేసుకోగలదు, అదీ ఇంకా బాగా.

ఎలా చేస్తుందో తెలిస్తే మీ మూడు ఇబ్బందులూ ఎక్కడివో మీకే అర్థమవుతాయి. బెంజ్ సర్కిల్‌లో కళ్ళు మూసుకుని నిలబడినా బస్సు హారన్ ఎటునుంచి వచ్చిందో చెప్పేస్తాం, ఉన్నవి రెండు చెవులే అయినా. పూర్తిగా ఎడమ పక్క నుంచి వచ్చిన శబ్దం కుడి చెవికి సుమారు 0.6 నుంచి 0.7 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. తల అడ్డం కాబట్టి సన్నటి శబ్దాలు తగ్గి చేరతాయి. ఈ రెండిటితో ఎడమ, కుడి తేలిపోతుంది. ముందు, వెనక, పైన అన్నది మాత్రం చెవి డొప్ప చెప్పాలి. దాని మడతలకి తగిలి లోపలికి వెళ్ళేసరికి, ముఖ్యంగా 4, 5 కిలోహెర్ట్జ్ దాటిన చోట, కొన్ని ఫ్రీక్వెన్సీలు పడిపోతాయి, కొన్ని లేస్తాయి. దిక్కు మారితే ఆ ఎత్తుపల్లాల వరసా మారుతుంది. ఈ మొత్తం లెక్కకి పెట్టిన పేరే హెచ్‌ఆర్‌టీఎఫ్. 1994లో ఎంఐటీలో కీమార్ అనే బొమ్మ తల చెవుల్లో మైకులు పెట్టి, 1.4 మీటర్ల దూరం నుంచి 710 దిక్కుల్లో కొలిచి, ఆ కొలతల్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లన్నీ ఇలాంటి కొలతల మీద నిలబడినవే: వెనక స్పీకర్ చానెల్‌ని తీసుకుని, అది వెనక నుంచి వస్తే రెండు చెవుల్లో ఎలా మోగేదో అలా మార్చి ఇస్తాయి.

కాబట్టి రెండే షరతులు. వెనక చానెల్ అనేది విడిగా ఆ సాఫ్ట్‌వేర్ దాకా చేరాలి. ఆ మార్పు ఒక్కచోటే, ఒక్కసారే జరగాలి. మీకు సినిమాలో మొదటిది తప్పింది, పాటల్లో రెండోది తప్పింది.

పాటలు: విండోస్ సోనిక్ ఒక్కటే స్టీరియో పాటని అంత పాడు చేయదు. మదర్‌బోర్డుతో వచ్చిన యాప్ ఇంకొకటి ఉండి ఉంటుంది. రియల్‌టెక్ కన్సోలో, నాహిమిక్కో, డీటీఎస్ పేరుదో చూడండి. అందులో హెడ్‌ఫోన్ వర్చువలైజేషన్, సరౌండ్, రూమ్ ఎఫెక్ట్ లాంటివి ఏవున్నా ఆపేయండి. గదిలో మోగినట్టు చేసిన శబ్దాన్ని మళ్ళీ ఇంకో గదిలో మోగిస్తే వచ్చేదే ఆ నుయ్యి.

ఇంకో మాట గట్టిగానే చెబుతాను: పాటలకి సరౌండ్ వద్దు. స్టీరియోగా మిక్స్ చేసిన పాటని స్టీరియోగానే వినాలి. "8డి ఆడియో" అని యూట్యూబ్‌లో తిరిగేవి కూడా మామూలు స్టీరియోలో పాటని అటూ ఇటూ తిప్పి ప్రతిధ్వని కలిపినవే. వాటి మీద ఇంకో వర్చువలైజర్ (ఇలా సరౌండ్ పుట్టించే సాఫ్ట్‌వేర్) పెడితే అసలు పాటే మిగలదు.

సినిమా: ముందు ఫైల్‌ని మీడియాఇన్‌ఫోలో (ఫైలు వివరాలు చూపించే యాప్) తెరవండి. ఆడియో దగ్గర 2 చానెల్స్ అని ఉంటే అక్కడికే సరి. వెనక శబ్దం అందులో లేదు, ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు. 6 అనో 8 అనో ఉండి కూడా తేడా లేదంటే ప్లేయరే ముందుగా రెండుకి కుదించేస్తోంది. ఎంపీసీ-హెచ్‌సీలో ఎల్‌ఏవీ ఆడియో డీకోడర్ (శబ్దాన్ని విప్పే భాగం) తెరిచి, మిక్సింగ్ ట్యాబ్‌లో "ఎనేబుల్ మిక్సింగ్" టిక్ తీసేయండి. బిట్‌స్ట్రీమింగ్ కింద ఉన్న టిక్కులు కూడా అన్నీ తీసేయాలి. అవి ఉంటే డీకోడ్ చేయని డేటా బయటికి వెళ్తుంది, ఏదీ దాన్ని ముట్టుకోలేదు. కోడీ ప్లేయర్ వాడేవాళ్ళకి: ఆడియో సెట్టింగ్స్‌లో చానెల్స్ 2.0 అని ఉంటుంది, 7.1 చేసి పాస్‌త్రూ (డీకోడ్ చేయకుండా పంపడం) ఆపాలి.

గేము: వాలొరంట్‌లో సొంత హెచ్‌ఆర్‌టీఎఫ్ ఉంది. ఆడియో సెట్టింగ్స్‌లో స్పీకర్ కాన్ఫిగరేషన్ స్టీరియోలో ఉంచి, హెచ్‌ఆర్‌టీఎఫ్ ఆన్ చేసి, విండోస్‌లో స్పేషియల్ సౌండ్ ఆఫ్ చేయండి. ప్రతి శబ్దం ఎక్కడ పుట్టిందో గేముకి ఖచ్చితంగా తెలుసు, 7.1 లోకి కుదించాక విండోస్‌కి అంత తెలియదు. సొంత హెచ్‌ఆర్‌టీఎఫ్ లేని గేముల్లో దీనికి తిరగేసి చేయాలి: గేములో 7.1, విండోస్‌లో సోనిక్.

అరండల్‌పేట_ఇంజినీర్ (గుంటూరు)

పైన చెప్పింది సరిపోతుంది, ఒకటి కలుపుతాను. సోనిక్ ఆన్ చేయగానే విండోస్ మీ స్టీరియో హెడ్‌ఫోన్స్‌ని యాప్‌లకి 7.1 పరికరంగా చూపిస్తుంది. అందుకే ఎల్‌ఏవీలో మిక్సింగ్ తీసేస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదు. విండోస్ 10 వాళ్ళు మాత్రం పాత సౌండ్ ప్యానెల్‌లో స్పేషియల్ సౌండ్ ట్యాబ్‌కి వెళ్ళి, 7.1 వర్చువల్ సరౌండ్ అన్న టిక్ ఉందో లేదో చూసుకోవాలి.

సోనిక్ ఉచితం, 2017 నుంచీ విండోస్‌లో ఉంది. డాల్బీ అట్మాస్ ఫర్ హెడ్‌ఫోన్స్‌కి డాల్బీ యాక్సెస్ యాప్ దించుకుని ఒక్కసారి డబ్బు కట్టాలి, అంతకుముందు కొన్నాళ్ళు ఉచితంగా విని చూడొచ్చు. డీటీఎస్ హెడ్‌ఫోన్ ఎక్స్‌దీ అదే పద్ధతి. ఒకరికి నచ్చింది ఇంకొకరికి నచ్చదు, అందులో వింత లేదు. చెవి డొప్పలు మనిషికో రకం.

ఈ మూడూ నచ్చకపోతే హెసువి అనే సరౌండ్ సాఫ్ట్‌వేర్ ఉంది, అది పూర్తిగా ఉచితం. నా ఓటు దానికే, ఎందుకంటే పదుల సంఖ్యలో వర్చువలైజర్ల ముద్రలు (ఒక్కోటి శబ్దాన్ని ఎలా మారుస్తుందో రికార్డు చేసిన ఫైళ్ళు) ఒకేచోట ఉంటాయి, నొక్కి పోల్చుకోవచ్చు. చేసే వరస ముఖ్యం:

ముందు ఈక్వలైజర్ ఏపీఓ (విండోస్ శబ్దాన్ని మధ్యలో మార్చే సాఫ్ట్‌వేర్, హెసువి దీని మీదే నడుస్తుంది) ఎక్కించండి. చివర్లో కాన్ఫిగరేటర్ వస్తుంది, అందులో మీరు వాడే అవుట్‌పుట్‌కే టిక్ పెట్టి కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. ఆ తర్వాత హెసువి ఎక్కించండి. విండోస్ స్పేషియల్ సౌండ్ ఆఫ్ చేయండి. సౌండ్ సెట్టింగ్స్ అడుగున "మోర్ సౌండ్ సెట్టింగ్స్" నొక్కితే పాత ప్యానెల్ వస్తుంది. ప్లేబ్యాక్‌లో మీ పరికరాన్ని ఎంచుకుని, కాన్ఫిగర్ నొక్కి 7.1 పెట్టండి. ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో 48000 హెర్ట్జ్ పెట్టండి.

ఆ 48000 దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. హెసువి పనిచేసేది కన్వల్యూషన్‌తో, అంటే ముందే రికార్డు చేసిన ఇంపల్స్ ఫైళ్ళతో. ఆ ఫైలు శాంప్లింగ్ రేటు, పరికరం రేటు ఒకటే కావాలి. "ఎక్కువైతే మంచిదే కదా" అని 96000, 192000 పెడితే ఎఫెక్ట్ ఏమీ ఉండదు, ఎర్రర్ కూడా చూపించదు.

వినగానే తేడా లేకపోతే చూడాల్సినవి: పరికరం ప్రాపర్టీస్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆఫ్‌లో ఉన్నాయేమో (ఏపీఓకి అవి ఆన్‌లో ఉండాలి), ప్లేయర్ వాసాపీ ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లో ఉందేమో (అది ఏపీఓని దాటుకుని నేరుగా కార్డుకి వెళ్తుంది), సౌండ్ డ్రైవర్ కొత్తగా అప్‌డేట్ అయిందేమో. అప్‌డేట్ అయితే ఏపీఓ ఊడిపోతుంది, కాన్ఫిగరేటర్ మళ్ళీ తెరిచి టిక్ పెట్టాలి. అప్పటికీ కాకపోతే అందులోనే ట్రబుల్‌షూటింగ్ ఆప్షన్లలో ఎస్‌ఎఫ్‌ఎక్స్/ఈఎఫ్‌ఎక్స్ ఎంచుకుని చూడండి.

ఎనిమిది చానెళ్ళు రెండులోకి కలుస్తున్నాయి కాబట్టి పేలుళ్ళ దగ్గర శబ్దం పగిలి కరకరమంటుంది. ప్రీయాంప్‌ని (మొత్తం శబ్దం స్థాయిని) మైనస్ 6 డీబీకి దించి మొదలుపెట్టండి, అప్పటికీ పగిలితే ఇంకాస్త దించండి. పోయిన వాల్యూమ్‌ని విండోస్‌లో పెంచుకోండి.

గాంధీనగర్_పాతరేడియో (విజయవాడ)

ఇంజినీర్ గారు చెప్పినదాంట్లో ఒక మెలిక మిగిలింది. కాన్ఫిగర్ నొక్కితే చాలా రియల్‌టెక్ బోర్డుల్లో స్టీరియో తప్ప వేరేది కనబడదు. డ్రైవర్ సాకెట్‌లో ఉన్నదాన్ని హెడ్‌ఫోన్ అని గుర్తించి, ఆ జాబితాని తనే కత్తిరిస్తుంది. పిన్ను తీసి వెనక ఆకుపచ్చ సాకెట్‌లో పెట్టండి. ఏం గుచ్చారని పాపప్ వస్తుంది, హెడ్‌ఫోన్ అనకుండా ఫ్రంట్ స్పీకర్ అవుట్ అనండి. అప్పుడు 5.1, 7.1 కనిపిస్తాయి. వెనక సాకెట్‌తో ఇంకో లాభం: ముందు ప్యానెల్ తీగ క్యాబినెట్‌లో గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచి పోతుంది, మౌస్ కదిపినప్పుడు వచ్చే ఆ సన్నటి కీచు దాన్నుంచే.

యూఎస్‌బీ డీఏసీ (బయట పెట్టే చిన్న సౌండ్ పరికరం) వాడేవాళ్ళకి ఈ దారి లేదు, అది స్టీరియో అనే చెప్పుకుంటుంది. వీబీ కేబుల్ అనే ఉచిత వర్చువల్ పరికరం ఎక్కించండి. కేబుల్ ఇన్‌పుట్‌ని డిఫాల్ట్ చేసి 7.1 పెట్టండి, ఏపీఓ టిక్ దానికే పెట్టండి. రికార్డింగ్ ట్యాబ్‌లో కేబుల్ అవుట్‌పుట్ ప్రాపర్టీస్‌లో "లిజన్ టు దిస్ డివైస్" టిక్ పెట్టి మీ డీఏసీని ఎంచుకోండి. కాస్త ఆలస్యం కలుస్తుంది. సినిమాకి ప్లేయర్‌లో ఆడియో డిలే సరిచేసుకుంటే సరిపోతుంది, గేములకి మాత్రం ఈ దారి నేను చెప్పను.

ఇక బ్లూటూత్ గురించి ఎవరూ అడగలేదు గానీ ఎలాగూ అడుగుతారు. మామూలుగా పాటలు వచ్చే ఏ2డీపీ దారిలో స్టీరియో బాగానే వస్తుంది, సోనిక్ దాని మీదా పనిచేస్తుంది. హెడ్‌సెట్ మైక్ తెరిచిన క్షణంలో మాత్రం అది హ్యాండ్స్‌ఫ్రీ ప్రొఫైల్‌కి మారిపోతుంది: మోనో, 8 లేదా 16 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్. అంటే 4 లేదా 8 కిలోహెర్ట్జ్ పైన శబ్దమే ఉండదు. ముందు వెనకల గుర్తులు ఉండేది సరిగ్గా అక్కడే. డిస్కార్డ్‌లో మాట్లాడుతూ ఆడేవాళ్ళు మైక్‌గా వెబ్‌క్యామ్‌నో విడి మైక్‌నో పెట్టుకోవాలి.

ఎవరూ పట్టించుకోనిది ఇంకొకటి: విండోస్ యాక్సెసిబిలిటీలో ఆడియో కింద "మోనో ఆడియో" అని ఒక స్విచ్ ఉంది. అది పొరపాటున ఆన్ అయితే ఈ చర్చలో రాసిందంతా వృథా.

బ్రాడీపేట_14 (గుంటూరు)

అందరికీ ధన్యవాదాలు. నూతికి కారణం ధ్వని గారు చెప్పిందే, బోర్డు యాప్‌లో సరౌండ్ ఆన్‌లో ఉంది. మీడియాఇన్‌ఫోలో కొన్ని ఫైళ్ళు 2, కొన్ని 6 చూపిస్తున్నాయి. హెసువి ఎక్కింది, వెనక సాకెట్‌తో 7.1 వచ్చింది. మూడు సందేహాలు మిగిలాయి. అన్ని ముద్రల్లో ఏది ఎంచుకోవాలో ఎలా తేల్చాలి? డైలాగులు ఇంకా చిన్నగానే ఉన్నాయి, ఏం చేయాలి? అట్మాస్ ఉన్న ఫైలు ఎంపీసీ-హెచ్‌సీలో పెడితే పైనుంచి వచ్చే శబ్దం రాదా?

పటమట_ధ్వని (విజయవాడ)

ముద్ర ఎంచుకోవడానికి సినిమా పెట్టకండి. బొమ్మ కనబడుతుంటే చెవి కంటి మాట వింటుంది. కాన్ఫిగర్ విండోలోనే టెస్ట్ బటన్ ఉంది, ఒక్కో స్పీకర్‌నీ మోగిస్తుంది. కళ్ళు మూసుకుని వినండి. మొదట సెంటర్: నుదుటి లోపల కాకుండా కాస్తయినా ముందుకి జరిగి వినబడాలి. ఎడమ ముందు 30 డిగ్రీల దగ్గర, అంటే గడియారంలో 11 మీద ఉన్నట్టు. ఎడమ పక్క స్పీకరూ ఎడమ వెనక స్పీకరూ రెండు వేర్వేరు చోట్ల వినబడుతున్నాయా? ఎక్కువ ముద్రలు ఇక్కడే ఓడిపోతాయి. రెండూ విడిగా వినిపించిన వాటిలో ప్రతిధ్వని తక్కువున్నది గేములకి, కాస్త గది ఉన్నది సినిమాలకి పెట్టుకోండి. జీఎస్‌ఎక్స్ అనే ముద్ర పొడిగా (ప్రతిధ్వని తక్కువగా) ఉంటుంది, గేములకి దాంతో మొదలుపెట్టండి. ఎస్‌బీఎక్స్, డాల్బీ హెడ్‌ఫోన్, అట్మాస్ పేర్లతో ఉన్నవి సినిమాలకి చూడండి.

సెంటర్ ఎంతకీ ముందుకి రాకపోతే బెంగ పడకండి. నిజజీవితంలో ముందా వెనకా అని అనుమానం వస్తే తెలియకుండానే తల కొంచెం తిప్పి తేల్చుకుంటాం. హెడ్‌ఫోన్స్‌లో తలతో పాటు శబ్దమూ తిరుగుతుంది, ఆ సాయం పోయింది. పైగా ఆ ముద్ర వేరే తలది. అమెరికాలోని సీఐపీఐసీ సంగ్రహంలో 45 మంది కొలతలు ఉంటే ఒకరి డొప్ప గీత ఇంకొకరితో కలవదు. అందుకే పది ముద్రలు విని చూడమనేది.

ముద్ర కుదిరాక హెసువిలోని ఈక్వలైజేషన్ ట్యాబ్‌లో మీ హెడ్‌ఫోన్ మోడల్ ఉందేమో వెతకండి. హెడ్‌ఫోన్ తన సొంత మిట్టలు 5, 8 కిలోహెర్ట్జ్‌ల దగ్గర కలిపేస్తే దిక్కు చెప్పే మిట్టలు వాటిలో కలిసిపోతాయి. ఈ సవరణతో ముందు, వెనక తేడా తేటపడటం స్పష్టంగా తెలుస్తుంది.

అరండల్‌పేట_ఇంజినీర్ (గుంటూరు)

డైలాగుల సంగతి. 5.1 లో మాటలన్నీ దాదాపు సెంటర్ చానెల్‌లోనే ఉంటాయి. ఇన్నాళ్ళూ ప్లేయర్ స్టీరియోకి కుదించేటప్పుడు సెంటర్‌ని 3 డీబీ తగ్గించి రెండు వైపులా పంచుతోంది, అది మామూలు సూత్రమే. దాని మీద ఫైటు, పాట అన్నీ వచ్చి పడతాయి. ఇప్పుడు చానెళ్ళు విడిగా వస్తున్నాయి కాబట్టి సెంటర్ ఒక్కదాన్నే 3 నుంచి 4 డీబీ పెంచండి. ఏపీఓ ఎడిటర్‌లో చానెల్ సెలెక్షన్‌లో సెంటర్ ఎంచుకుని దాని కింద ప్రీయాంప్ పెట్టాలి. ఈ వరసలు హెసువి వరస కంటే పైన ఉండాలి. కింద పెడితే అప్పటికే అన్నీ రెండులో కలిసిపోయి ఉంటాయి. సెంటర్ వరస తర్వాత చానెల్‌ని మళ్ళీ "ఆల్"కి మార్చడం మర్చిపోకండి, లేకపోతే కిందున్నదంతా సెంటర్‌కే వర్తిస్తుంది. 6 డీబీ దాటితే మాటలు తెర ముందుకి తోసుకొచ్చినట్టు ఉంటుంది, నాలుగు దగ్గర ఆగండి.

అట్మాస్: ట్రూహెచ్‌డీ అనే డాల్బీ ఫార్మాట్‌లో ఉన్న అట్మాస్‌ని ఎల్‌ఏవీ 7.1 గానే విప్పుతుంది. పైనుంచి రావాల్సినవి పోవు, చుట్టూ ఉన్న చానెళ్ళలో కలిసి వస్తాయి, ఎత్తు మాత్రం ఉండదు. ఎత్తు కావాలంటే డాల్బీ డిజిటల్ ప్లస్ అట్మాస్ ట్రాక్ కావాలి, విండోస్ సొంత డీకోడర్‌తో నడిచే ప్లేయర్ కావాలి, డాల్బీ యాక్సెస్ ఆన్‌లో ఉండాలి. దీనికోసం ఉన్నదంతా మార్చుకోవడం దండగ. మంచి 7.1 ముద్ర ముందు ఎత్తు చిన్న విషయం.

వీఎల్‌సీలోనే చూడాలనిపిస్తే, ఏ వర్చువలైజరూ లేకుండా ఆడియో మెనూలో స్టీరియో మోడ్ కింద హెడ్‌ఫోన్స్ అన్నది చూడండి. 2018లో వచ్చిన 3.0 నుంచి వీఎల్‌సీకి సొంత హెచ్‌ఆర్‌టీఎఫ్ ఉంది. అది వాడినప్పుడు హెసువి ఆపేయండి.

తాడేపల్లి_లినక్స్

లినక్స్ వాళ్ళ కోసం రెండు ముక్కలు. లినక్స్‌లో శబ్దాన్ని నడిపే పైప్‌వైర్‌తో పాటు వచ్చే ఫిల్టర్-చైన్ ఉదాహరణల్లో హెసువి పేరుతోనే 7.1 వర్చువల్ సరౌండ్ ఫైలు ఒకటి ఉంటుంది. దాన్ని మీ హోమ్‌లోని పైప్‌వైర్ కాన్ఫిగ్ ఫోల్డరులోకి కాపీ చేసి, అందులో ఇంపల్స్ ఫైలు దారి మార్చాలి. 14 చానెళ్ళ వేవ్ ఫైలు కావాలి, హెసువిలోని ఫైళ్ళు సరిగ్గా అవే. దారి పూర్తిగా, రూట్ నుంచి రాయండి. పొరపాటు ఉంటే సింక్ (ఆ కొత్త అవుట్‌పుట్) కనబడదు, ఎక్కువమందికి తప్పేది అక్కడే. లాగౌట్ అయి లాగిన్ అయితే కొత్త అవుట్‌పుట్ వస్తుంది, దాన్ని ఎంచుకోవాలి. ఒక్క ఫైలుని శాశ్వతంగా హెడ్‌ఫోన్ స్టీరియోగా మార్చి ఫోనులో పెట్టుకోవాలంటే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే సాధనంలో సోఫలైజర్ అనే ఫిల్టర్ ఉంది, సోఫా ఫార్మాట్‌లో ఉన్న ఏ హెచ్‌ఆర్‌టీఎఫ్‌నైనా తీసుకుంటుంది. అలా మార్చిన ఫైలుకి ఫోనులో ఏ సరౌండూ పెట్టకూడదు.

గాంధీనగర్_పాతరేడియో (విజయవాడ)

సాఫ్ట్‌వేర్ అంతా అయింది కాబట్టి హెడ్‌ఫోన్ గురించి. మే నెలలో ఫ్యాన్ ఐదులో పెట్టకుండా మన ఊళ్ళలో కూర్చోలేం. ఆ గాలి హోరు, దూరాన్ని చెప్పే చిన్న చిన్న ప్రతిధ్వనుల్ని మింగేస్తుంది. ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్స్‌లో వెనక శబ్దాలు బాగా విచ్చుకుంటాయన్నది నిజమే, కానీ హోరు లోపలికి వస్తుంది, మీ సినిమా బయటికి పోతుంది. ఫ్యాన్ కింద, పక్కన మనుషులు పడుకున్న గదిలో క్లోజ్డ్ బ్యాకే మేలు. రెగ్జిన్ ప్యాడ్ చెమటకి జారి అంచు దగ్గర గాలి దూరితే బాస్ పోతుంది. కళ్ళజోడు పుల్ల కింద కూడా అదే జరుగుతుంది. బాస్ ఒక చెవిలో తక్కువై సెంటర్ పక్కకి జరిగినట్టు అనిపిస్తే సెట్టింగ్స్ కదపకుండా ముందు ప్యాడ్ నొక్కి చూడండి. నొక్కగానే మధ్యలోకి వస్తే ప్యాడ్లు మార్చాలి. వెల్వెట్ లాంటి గుడ్డ ప్యాడ్లు చెమటకి హాయి, బాస్ కొంచెం తగ్గుతుంది. ప్యాడ్లు మార్చాక హెసువిలో ఈక్వలైజేషన్ మళ్ళీ విని చూసుకోండి, ఆ సవరణ పాత ప్యాడ్లతో కొలిచినది.